అమావాస్య పోటు కోసం రెండుసార్లు కాకినాడ

2024 నవంబరు చివర్లో ఒక జంట ప్రీవెడ్డింగ్ షూటింగ్ వరంగల్ భద్రకాళి చెరువు బండ్ మీద కావాలన్నారు. వెనక నిండుగా నీళ్లు, ఆ నీళ్లలో ఆకాశం పడాలి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే రెండుసార్లు చెప్పారు. తీరా పొద్దున ఆరున్నరకు అక్కడికి చేరితే నీళ్లు లేవు. పూడిక తీయడానికి చెరువు ఖాళీ చేస్తున్నారని పేపర్లో చదివాను గానీ, అప్పుడే అడుగు తేలుతుందనుకోలేదు. అమ్మాయి ముఖం మాడిపోయింది. అబ్బాయి నా వైపే చూస్తున్నాడు, చెరువు నేనే తోడేసినట్టు.

ఆమె డ్రెస్ మార్చుకుని వచ్చేలోపు బురద వైపు చూశాను. ఎర్రటి పొడుగు కాళ్ల తెల్ల పిట్టలు పది పన్నెండు నింపాదిగా నడుస్తున్నాయి. పెళ్లిళ్లకు వాడే 70-200 లెన్స్‌తోనే నాలుగు ఫొటోలు కొట్టాను. ఆ రోజు తీసినవాటిలో నేను మళ్లీ మళ్లీ తెరిచి చూసుకున్నవి ఆ నాలుగే. జంటకు ఆ మాట చెప్పలేదు.

మాది హనుమకొండలో చిన్న స్టూడియో. మా కస్టమర్లలో జువాలజీ లెక్చరర్ ఒకాయన ఉన్నారు, వాళ్లమ్మాయి పెళ్లి నేనే తీశాను. ఫొటోలు ఆయనకు చూపిస్తే పేరు చెప్పారు: బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్. "ఇవి మన చెరువుల్ల మస్తుగ కనవడ్తయ్. బురద పిట్టల్ని గుంపులు గుంపులుగ జూడాలంటే మాత్రం సముద్రం ఒడ్డుకు పోవాలె. కాకినాడ పోయిరా, జనవరిల" అన్నారు. ఆయన అన్నది అంతే. ఆటుపోట్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. తర్వాత అడిగితే "గది తెల్వకుండ పోతవనుకోలే" అన్నారు.

ఆ ఏడు డిసెంబరు 31 నుంచి జనవరి 29 దాకా పుష్యమాసం. పెళ్లి ఫొటోగ్రాఫర్లకు అది సెలవుల నెల, చేబదుళ్ల నెల. ముహూర్తాలు ఉండవు, షాపులో పాస్‌పోర్టు సైజు ఫొటోలు తప్ప పనుండదు. పోతే ఇప్పుడే పోవాలి.

దూరం పిట్టల్ని దగ్గరగా చూపే 150-600 లెన్స్ కొనే స్తోమత లేదు. హైదరాబాద్‌లో అద్దెకిచ్చే చోట రోజుకు 900, డిపాజిట్ 20,000, ఆధార్ కాపీ. ఇక్కడో చిన్న మెలిక ఉంది. తీసుకున్న రోజు, తిరిగిచ్చే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఆదివారం ఒక్కరోజు ఫొటోలు తీయడానికి జనవరి 17 శుక్రవారం తెచ్చుకుని 20 సోమవారం ఇచ్చాను. నాలుగు రోజుల అద్దె, 3,600. బస్సు చార్జీలు వేరే.

18 శనివారం రాత్రి వరంగల్ స్టేషన్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. స్లీపర్‌లో లెన్స్ బ్యాగు తల కింద పెట్టుకుని పడుకుంటే మెడ పట్టేసింది. బండి గంట ఆలస్యం. ఆటో పట్టుకుని ఒడ్డుకు చేరేసరికి 8.40.

సముద్రం లేదు. అంటే ఉంది, ఎక్కడో దూరంగా తళతళలాడే గీతలా ఉంది. నా కాళ్ల దగ్గర నుంచి ఆ గీత దాకా బూడిద రంగు బురద. ఆ బురద మీద నువ్వులు చల్లినట్టు పిట్టలు. 600కి జూమ్ చేసినా నువ్వులు కాస్తా పెసలయ్యాయి, అంతే.

దగ్గరికి పోదామని దిగాను. పది అడుగులు బాగానే ఉంది. పదకొండో అడుగుకు మోకాలి దాకా దిగబడ్డాను. కాలు పైకి లాగితే కాలు వచ్చింది, చెప్పు రాలేదు. కెమెరా రెండు చేతులా నెత్తిమీదికి ఎత్తి పట్టుకుని, బోనం ఎత్తిన మనిషిలా నిలబడిపోయాను. దూరంగా పీతలు ఏరుకుంటున్న ఒక ఆవిడ "అటెళ్లకండీ, ఊబండీ అది!" అని కేకేసింది. 450 రూపాయల శాండల్ జత, సగం ఇంకా అక్కడే ఉంది.

ఇంకో సంగతి, ఇది మా వైపు వాళ్లెవరికీ తట్టదు. అది తూర్పు ఒడ్డు. పొద్దున సూర్యుడు సముద్రం మీద ఉంటాడు, నేలమీద నిలబడి సముద్రం వైపు కెమెరా పెడితే ఎండంతా లెన్స్‌లోకే. పిట్టలు నల్లటి బొమ్మల్లా పడ్డాయి. అవీ ఫోకస్‌లో లేవు, ఎందుకంటే నా కెమెరాలో ఆటోఫోకస్ మనిషి కన్ను మీదే ఉండిపోయింది. మెనూలో మనిషి, జంతువు, పక్షి అని వేరువేరుగా ఉంటాయి. పెళ్లికూతురి కన్ను వెతికే యంత్రం పాపం ఆ బురదంతా వెతికింది. నాకు ఆ సంగతి తట్టింది పదిన్నరకు. అప్పటికి బురద మీద ఎండ కాగి గాలి అల్లల్లాడుతోంది. అంత పొడుగు లెన్స్‌లో ఆ ఎండమావి ఎలా ఉంటుందంటే, పిట్ట నీళ్లలో మునిగి ఉన్నట్టు మెలికలు తిరుగుతుంది. ఏ సెట్టింగూ దాన్ని సరిచేయదు.

పదకొండుకు విసిగిపోయి వెళ్లిపోయాను. 600 పెట్టి గది తీసుకుని స్నానం చేసి, భోంచేసి, కొత్త చెప్పులు కొనుక్కుని, కాసేపు కునుకు తీసి నాలుగింటికి తిరిగొచ్చాను. మళ్లీ బురదే.

గట్టు మీద ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. "కాకా, ఇక్కడ పిట్టలు దగ్గరికి రావా?" అని అడిగాను. కాకా అన్నందుకు ముందు నవ్వాడు. "మద్దేనం పోటుకి ఇదిగో ఈ గట్టు దాకా వచ్చేసినాయండి, వందలు. మీరెక్కడికెళ్లిపోయారు?"

"భోజనానికి."

"అదేంటండీ!" అన్నాడు. ఆయన మొహంలో నిజంగానే జాలి కనబడింది.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. నీళ్లు ఎక్కే పోటు రోజుకు రెండుసార్లు, దిగే ఆటు రెండుసార్లు. ఇవాళ ఉన్న వేళకు రేపు ముప్పావు గంట అటూ ఇటూగా వెనకబడుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి నీళ్లు బాగా పైకి వస్తాయి, అష్టమి రోజుల్లో అంత రావు. నీళ్లు పోయినప్పుడు పిట్టలు మేతకు బురద మీద ఎక్కడెక్కడికో చెదిరిపోతాయి. నీళ్లు ఎక్కుతుంటే వెనక్కి వెనక్కి జరిగి ఒడ్డుకు వస్తాయి. వాటి వెంట మనం పోనక్కర్లేదు, నీళ్లే తోలుకొస్తాయి.

మా చెరువుల్లో నీళ్లు ఏడాదికోసారి పెరిగి ఏడాదికోసారి తగ్గుతాయి. ఒక్క పూటలో నీళ్లు వచ్చి పోవడమనేది పుస్తకంలో చదువుకున్నదే తప్ప, దాని వల్ల నా ఆదివారం పోతుందని ఊహించలేదు. తమాషా ఏమిటంటే ముహూర్తాల కోసం నా కెమెరా బ్యాగులో ఎప్పుడూ చిన్న పంచాంగం ఉంటుంది. తిథి చూసుకుని ఉంటే సరిపోయేది. ఆ రోజు బహుళ పంచమి.

412 ఫొటోలు. పనికొచ్చింది ఒక్కటీ లేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ "కాజాలైతే మంచిగున్నయ్" అంది.

పుష్యమాసం ఇంకా పది రోజులుంది. 29 బుధవారం అమావాస్య. ఆలోపు అద్దె లెన్స్ లేకుండానే ధర్మసాగర్ చెరువు ఒడ్డున ఐదు పొద్దులు కూర్చున్నాను, కూర్చోవడం నేర్చుకుందామని. పెళ్లిలో మేం కూర్చోం. జనంలోకి దూరుతాం, "అంకుల్ కొంచెం పక్కకు" అంటాం, తలంబ్రాలు సరిగ్గా రాకపోతే మళ్లీ పోయమంటాం. ఆ అలవాటు పిట్టల దగ్గర పనికిరాదు.

మొదటి రోజు ఒడ్డున బోర్లా పడుకుంటే బర్రెలు కాసే ఒకాయన వచ్చి "ఏమైంది సార్, కింద పడ్డరా?" అన్నాడు. రెండో రోజు ఇద్దరు బైకు ఆపి "సర్వేనా సార్? చెరువు శిఖం కొలుస్తున్నరా?" అని నిలదీశారు. కెమెరాలో పిట్టను చూపించేదాకా కదల్లేదు. చూశాక కూడా నమ్మినట్టు లేరు. మనుషుల కంటే పెద్ద తలనొప్పి తీతువు పిట్ట. నేను మెదిలితే చాలు, అది లేచి అరుస్తూ చెరువు చుట్టూ చాటింపు వేస్తుంది, మిగతావన్నీ లేచిపోతాయి. గడియారం పెట్టుకుని చూశాను. అది ఊరుకోవడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత తోక ఊపుకుంటూ తిరిగే చిన్న ఉల్లంకి పిట్ట ఒకటి, కామన్ శాండ్‌పైపర్, నేను రాయిననుకుందేమో, దానంతటదే ఏడెనిమిది అడుగుల దాకా వచ్చింది.

ట్రైపాడ్ వద్దని కూడా అక్కడే తెలిసింది. నిలబడి తీస్తే పిట్ట వీపు, బురద తప్ప ఏమీ రాదు. కెమెరా నేలకు ఆనించాలి. పాత దిండు గలీబుకు మా ఆవిడ మూడు వైపులా గట్టిగా కుట్టి నాలుగో వైపు జిప్పు పెట్టింది. "ఏం నింపుతవ్, బియ్యమా?" అంది. అక్కడికి పోయాక ఇసుక నింపుకుంటానన్నాను. వెయ్యి రూపాయల బీన్ బ్యాగ్ చేసే పని అదే చేసింది.

27 సోమవారం పొద్దున లెన్స్ తెచ్చుకుని రాత్రి మళ్లీ అదే బండి. ఈసారి ఒకరోజు ముందే వెళ్లాను, చోటు చూసుకోవడానికి. రెండు లాడ్జీల్లో గదుల్లేవన్నారు. మూడోచోట 1,100 చెప్పారు. "రేపు చొల్లంగి అమావాస్య కదండీ" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. నాకు తెలియదు. పుష్య బహుళ అమావాస్య నాడు కాకినాడ పక్కనే చొల్లంగిలో సముద్ర స్నానాలకు జనం విరగబడి వస్తారట. పోటు కోసం నేను చూసుకున్న తిథి, పుణ్యం కోసం వాళ్లు చూసుకున్న తిథి ఒకటే అయ్యాయి. మేడారం జాతర రోజు తాడ్వాయి రోడ్డు మీద పిట్టల కోసం బయల్దేరిన వాడి గతి నాది.

28 సాయంత్రం నాలుగింటికి గట్టు మీదికి వెళ్తే, వల పెద్దాయన గుర్తుపట్టాడు. "భోజనం అయిపోయిందాండీ?" అన్నది మొదటి మాట. మూడింటి ప్రాంతంలో నీళ్లు అడుగంటి, అప్పుడే మళ్లీ ఎక్కడం మొదలైంది. సాయంత్రం కాబట్టి సూర్యుడు నా వీపు వెనక. పొద్దున ఏడిపించిన ఒడ్డే సాయంత్రం బంగారంలా ఉంది. తూర్పు తీరంలో ఎక్కే పోటు, దిగే పొద్దు కలిసిన సాయంత్రం దొరికితే వదలకండి. నేను ఈ మొత్తం వ్యవహారంలో నేర్చుకున్న ఖరీదైన ముక్క అదే.

బురదలో మూతి నిలువునా గుచ్చుకుంటూ బార్ టెయిల్డ్ గాడ్విట్లు వచ్చాయి. కొడవలిలా వంగిన ముక్కుతో కర్ల్యూ ఒకటి పీతను పట్టి, కాళ్లు ఊడేదాకా విదిలించి మింగింది. శాండ్ ప్లోవర్లు చిన్నపిల్లల్లా నాలుగడుగులు పరిగెత్తి టక్కున ఆగుతాయి, మళ్లీ పరిగెత్తుతాయి. ఆగిన ఆ అర సెకను కొట్టాలి. షట్టర్ 1/2000 సెకను పెట్టాను, ఫొటో ఎంత వెలుగుగా రావాలో సరిచూసే ఐఎస్‌ఓ కెమెరాకే వదిలేశాను. తెల్ల పిట్ట మీద ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించుకోవడం మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. ఎండలో తెల్ల పట్టుపంచె కట్టిన పెళ్లికొడుకులను పద్దెనిమిదేళ్లుగా తీస్తున్నాను.

5.40కి ఒక తప్పు చేశాను. నడుం పట్టేసి, ఒళ్లు మరిచి లేచి నిలబడ్డాను. గుంపంతా ఒక్కసారిగా లేచింది. రెక్కల చప్పుడు చెవుల్లో పడేసరికి ముందు సంతోషమే వేసింది, ఎగిరే ఫొటోలు వచ్చాయని. రాత్రి లెక్చరర్ గారికి ఫోన్ చేసి గొప్పగా చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. "పోటప్పుడు అవి ఆగి పానం నిమ్మలం జేసుకుంటయ్. లిటిల్ స్టింట్ ఎంతుంటదనుకుంటున్నవ్, ఇరవై ముప్పై గ్రాములుంటదంతే. ఆర్కిటిక్ కాడ గుడ్లు వెట్టి ఇంత దూరం వస్తయ్, మల్ల అంత దూరం పోవాలె. ఉత్తగ లేపకు" అన్నారు. ఆ ఎగిరే ఫొటోలు బాగానే వచ్చాయి. ఎవరికీ చూపించలేదు.

29 తెల్లవారుజామున అయిదింటికే ఆటో మాట్లాడుకున్నాను. జగన్నాథపురం దాటాక కదల్లేదు. మూటలు, పిల్లలు, ముసలివాళ్లు, అందరూ చొల్లంగి వైపే. 250 చెప్పిన ఆటో 400 అడిగాడు, ఇచ్చాను. చివరి ముక్క నడిచాను. నేను కూర్చున్న చోటు ఎక్కడో ఇక్కడ రాయను. పిట్టలు తలదాచుకునే చోటు కాబట్టి తెలిసినవాళ్లను అడిగి పోవడమే మంచిది.

పొద్దున వెలుతురు ఎదురుగా ఉంటుందన్న బెంగ పెద్దాయనే తీర్చాడు. ఏటిపాయ అవతల మడ చెట్ల పక్కన ఒక మెరక ఉంది. అక్కడ సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటే సూర్యుడు వెనక, పిట్టలు ముందు. నావ మీద 6.45కి దింపాడు. పోను రాను 500. "మా వాళ్లతో స్నానానికెళ్లి పదింటికల్లా వచ్చేత్తానండి" అని వెళ్లిపోయాడు.

ఇసుక నింపిన గలీబు మీద లెన్స్, మట్టి రంగు లుంగీ నా మీద. గంటసేపు ఏమీ లేదు. ఏడున్నర దాటాక నీళ్లు రావడం చూశాను. అల కాదు, చప్పుడు లేదు. బురదలో కాలువల వంటి సన్నటి గీతలు నిండుతాయి, అవి ఒకదానితో ఒకటి కలుస్తాయి, ఇందాక ఉన్న దిబ్బ ఇప్పుడు ఉండదు. ముందు కుచ్చుల కుచ్చులుగా స్టింట్లు, వాటి వెనక రెడ్‌షాంక్‌లు, అన్నిటికంటే వెనక పొడుగు కాళ్ల గాడ్విట్లు. ఎవరి కాళ్ల పొడవును బట్టి వాళ్లు వరసగా ఒడ్డుకు జరుగుతున్నారు.

తొమ్మిదికి నా ముందు అయిదారు మీటర్లలో అరవై డెబ్బై పిట్టలు ఒంటికాలి మీద నిలబడి, ముక్కు వీపులో దాచుకుని నిద్రపోతున్నాయి. ఒక స్టింట్ మాత్రం కన్ను తెరుస్తుంది, మూస్తుంది. షట్టర్ చప్పుడు ఆపేశాను, కెమెరాలో సైలెంట్ మోడ్ ఉంది. కాలు తిమ్మిరెక్కి స్పర్శ పోయింది. పెళ్లిలో మూడు గంటల్లో ఆరువేల ఫొటోలు కొట్టే వాణ్ణి, ఒక దశలో ఇరవై నిమిషాలు మీట నొక్కనే లేదు.

పది అయింది. పెద్దాయన రాలేదు. పదిన్నర. ఫోన్ కలవలేదు, ఆ జనంలో ఎవరికీ కలిసినట్టు లేదు. వెనక పాయ నిండుగా ఉంది, నాకు ఈత రాదు. మెరక మునగదని ఆయన చెప్పాడు, అయినా నీళ్లు లుంగీ అంచు దాకా వచ్చి ఆగేవరకు గుండె దడదడలాడింది. ఒంటికి పోవాలి. లేస్తే పిట్టలు లేస్తాయి. పదకొండింటికి నీళ్లు దిగడం మొదలై అవి ఒక్కొక్కటే బురద మీదికి వెళ్లిపోయాక గానీ లేవలేదు. నావ 11.40కి వచ్చింది, పెద్దాయన, ఆయన భార్య, తడి బట్టల్లో ఇద్దరు మనవలు. "జనం వదల్లేదండి" అంటూ ప్రసాదం చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి బండెక్కి 30న లెన్స్ తిరిగిచ్చాను. జూమ్ తిప్పే రింగులో ఇసుక రేణువులు కరకరలాడుతున్నాయని డిపాజిట్‌లో 1,500 కోసుకున్నారు. ఇది ఎవరూ ముందు చెప్పరు. రింగు మీద ఒక వంటింటి ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు చుట్టుకుపోతే ఆ 1,500 మిగిలేవి. కెమెరాను రోజూ రాత్రి తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే ఉప్పు తెల్లగా పేరుకుంటుంది.

2,316 ఫొటోల్లో 48 ఉంచాను. పేర్లు రాసి పంపితే లెక్చరర్ గారికి ఇంటర్ ప్రాక్టికల్స్ డ్యూటీ పడి, జవాబు ఫిబ్రవరి 11న వచ్చింది. తొమ్మిది పేర్లు తప్పు. నేను గ్రీన్‌షాంక్ అని మురిసిపోయింది మార్ష్ శాండ్‌పైపర్ అట. గ్రీన్‌షాంక్ ముక్కు మందంగా, కాస్త పైకి తిరిగి ఉంటుంది, దీనిది సూదిలా సన్నం. శాండ్ ప్లోవర్ల గురించి ఆయనే తేల్చలేకపోయారు.

ఖర్చు మా ఆవిడ రాసింది. లెన్స్ అద్దె రెండు విడతలు 7,200, కోత 1,500, హైదరాబాద్ బస్సులు 1,600, ఆటోలు 1,350, రైలు 1,240, గదులు 1,700, తిండి 900, నావ 500, చెప్పులు 450. మొత్తం 16,440. నలభై ఎనిమిదితో భాగిస్తే ఒక్కో ఫొటో 342 రూపాయలని కూడా కింద రాసి పెట్టింది. కాజాలు అందులో కలపలేదు, అవి ఇంటి ఖర్చట.

ఫిబ్రవరి 2న ములుగులో పెళ్లి. ముఖం ఒకవైపు కమిలి నల్లబడింది, ముక్కు మీద తోలు లేచింది. పెళ్లికూతురి తండ్రి "ఏమయ్యా, పొయ్యికాడ వండుకున్నవా?" అన్నాడు.

తర్వాతి పుష్యమాసంలో పౌర్ణమి 2026 జనవరి 3 శనివారం. పెద్దాయన ఫోన్లో "పౌర్ణమికి రండి, అప్పుడు ఈ జనం ఉండరు" అన్నాడు. రైలు టికెట్లు అరవై రోజుల ముందే తెరుస్తారు కాబట్టి నవంబరు మొదటి వారంలో గుర్తుపెట్టుకోవాలనుకున్నాను. ఒకటి తీయాలా రెండు తీయాలా అన్నదే అప్పటికి తేలలేదు. సాయంత్రం పోటుకైతే తానూ వస్తానంది మా ఆవిడ. పొద్దటి మెరక మీదికి మాత్రం చచ్చినా రానంది.